వైకల్యం ఉన్న బిడ్డను అంగన్‌వాడీలో, ప్లేస్కూల్లో, బడిలో చేర్పించాలంటే: ఏ కాగితం, ఎవరికి, ఎప్పుడు

"మా దగ్గర అలాంటి పిల్లల్ని చూసుకునేవాళ్లు లేరమ్మా." "మిగతా పిల్లలు భయపడతారు సార్." "ఇంకో ఏడాది ఆగండి, నడక వచ్చాక చూద్దాం." గేటు దగ్గర వినిపించే మాటలు దాదాపు ఇవే. ఎవరూ వీటిని కాగితం మీద రాసివ్వరు, ఎందుకంటే రాసిచ్చిన మరుక్షణం అది వివక్షకు రుజువవుతుంది. అందుకే మీరు చేయాల్సిన పనులన్నీ ఒకదాని చుట్టూనే తిరుగుతాయి: నోటిమాటను కాగితం మీదికి తేవడం. మీరు అడిగింది రాతలో ఉండాలి, వాళ్లు కాదన్నది కూడా రాతలో ఉండాలి. ఆ రెండూ చేతిలో ఉంటే చట్టం పనిచేస్తుంది. లేకపోతే ఎంత మంచి చట్టమైనా గేటు బయటే ఆగిపోతుంది.

ముందు, ఆ చోటు ఏ చట్టం కిందికి వస్తుందో తేల్చుకోండి

అన్నిటికీ మూలం వికలాంగుల హక్కుల చట్టం, 2016. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం, చూపు లోపం, మేధో వైకల్యం, కండరాల క్షీణత, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అన్నీ అందులో ఉన్నాయి. ఈ చట్టంలో మీకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే మాట "సహేతుకమైన సర్దుబాటు". బిడ్డ మిగతా పిల్లలతో సమానంగా పాల్గొనడానికి అవసరమైన మార్పు, సంస్థ మీద మోయలేనంత భారం పడకుండా చేయగలిగిన మార్పు అని దాని అర్థం. అలాంటి సర్దుబాటు చేయకపోవడమే వివక్ష అని 2వ సెక్షన్ నిర్వచనంలోనే ఉంది. అంటే "మేం వద్దనలేదు, మా దగ్గర వసతి లేదంతే" అన్న జవాబు వాళ్లను కాపాడదు.

అయితే ఒక్కో చోట ఈ చట్టం పట్టు ఒక్కోలా ఉంటుంది.

అంగన్‌వాడీ ప్రభుత్వానిది కాబట్టి అక్కడ మీ పట్టు గట్టిది. 6 నెలల నుంచి 6 ఏళ్ల దాకా ప్రతి బిడ్డకూ వయసుకు తగిన ఆహారం ఉచితంగా అందాలని 2013 ఆహార భద్రత చట్టం చెబుతుంది. బిడ్డ నడవలేదని, టాయిలెట్ అలవాటు కాలేదని పేరు తీసేయడానికి వీల్లేదు. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ పిల్లల కోసం ప్రత్యేకంగా అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. వైకల్యం లక్షణాలను ముందే గుర్తించడం, బిడ్డను కేంద్రంలోని కార్యక్రమాల్లో కలుపుకొని కుటుంబానికి అండగా ఉండటం, ఆశా, ఏఎన్‌ఎం, బాల స్వస్థ (పిల్లల ఆరోగ్య పరీక్షల) బృందాల ద్వారా వైద్యానికి పంపడం అందులోని మూడు మెట్లు. అంగన్‌వాడీ టీచర్‌కు ఈ సంగతి తెలియకపోవచ్చు. కోప్పడకుండా సూపర్‌వైజర్‌ను అడగండి.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి, దాని నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అయితే వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ నేరుగా వర్తిస్తుంది. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థ వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాన్ని అందుబాటులో ఉంచాలి, బిడ్డ అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, రవాణా చూడాలి. దీనికి తోడు విద్యాహక్కు చట్టం ఉంది. 2012 సవరణ తర్వాత వైకల్యం ఉన్న పిల్లలు ఆ చట్టంలో "వెనుకబడిన వర్గం" కిందికి వచ్చారు. కాబట్టి ప్రైవేటు బడుల్లో 12వ సెక్షన్ కింద ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లకు వాళ్లు అర్హులే. బడిలో ప్రీస్కూల్ ఉంటే ఆ 25 శాతం అక్కడి నుంచే మొదలవ్వాలని చట్టం అంటుంది. రాష్ట్రాల అమలు దీనికి వెనకబడి ఉంటుంది కాబట్టి ప్రతి ఏటా నోటిఫికేషన్ ఏ తరగతికి, ఏ తేదీ దాకా వచ్చిందో చూసుకోండి.

పట్టు తక్కువగా ఉండేది గుర్తింపు లేని ప్లేస్కూల్, డే కేర్ దగ్గర. 16వ సెక్షన్ వాటికి నేరుగా తగలదు. అయినా కంపెనీ, సొసైటీ, ట్రస్టు, ఏ పేరుతో నడిచినా అది వికలాంగుల హక్కుల చట్టంలోని "ప్రైవేటు సంస్థ" నిర్వచనంలోకి వస్తుంది. ఆ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో 3వ నియమం ప్రకారం, 20 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థకు వివక్ష మీద ఫిర్యాదు అందితే, దాని అధిపతి చర్య తీసుకోవాలి, లేదా ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా చెప్పాలి. అందుకే ఫీజు రసీదు మీద ఏ పేరు ఉందో, ఎన్ని బ్రాంచీలున్నాయో చూడండి. ఒక బ్రాంచిలో ఆరుగురే ఉన్నా సంస్థ మొత్తం మీద 20 దాటవచ్చు.

50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలన్న నియమం కూడా ఉంది. మీ ఆఫీసు క్రెష్ మీ బిడ్డను కాదంటే దరఖాస్తు హెచ్‌ఆర్‌కు పెట్టండి, క్రెష్ నడిపే ఏజెన్సీకి కాదు. బాధ్యత యజమానిది.

సర్టిఫికెట్ కోసం ఆగకండి, కానీ ఈ వారమే మొదలుపెట్టండి

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే ఏడాది పోగొట్టుకుంటారు. "సదరం సర్టిఫికెట్ (వైకల్య శాతం చూపే ధ్రువపత్రం) తెండి, అప్పుడు చేర్చుకుంటాం" అంటే నమ్మి వెనక్కి వస్తారు. చేర్చుకోవడానికి, సర్దుబాటు అడగడానికి 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: సర్దుబాటు పొందే హక్కు 40 శాతం గీతకు కట్టుబడి లేదు. డాక్టరు రాసిన రిపోర్టు, థెరపిస్టు ఇచ్చిన అసెస్‌మెంట్ చాలు, అడగడం మొదలుపెట్టవచ్చు.

40 శాతం ఎక్కడ అవసరం? 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఇచ్చే 31వ సెక్షన్‌కు, ఉచిత పుస్తకాలకు, ఉపకరణాలకు, పింఛనుకు. అందుకని సర్టిఫికెట్ పని పక్కన నడుస్తూ ఉండాలి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు చేయండి. అసెస్‌మెంట్‌కు స్లాట్ కోసం తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.

చిన్నపిల్లల విషయంలో రెండు చోట్ల తేడా కొడుతుంది. మొదటిది, మేధో వైకల్యానికి ఏడాది నిండితేనే సర్టిఫికెట్ ఇస్తారు. 5 ఏళ్ల లోపు దాన్ని "ఎదుగుదల ఆలస్యం" అనే రాస్తారు. ఆ మాట చూసి "ఇది వైకల్యం కాదు" అని బడివాళ్లు అంటే తప్పు, అది ఆ వయసుకు రాయాల్సిన మాట. రెండోది, చిన్న వయసులో ఇచ్చేవి చాలావరకు తాత్కాలిక సర్టిఫికెట్లు. గడువు తేదీ చూసి, దానికి నాలుగు నెలల ముందే రెన్యువల్‌కు స్లాట్ పెట్టుకోండి. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలుకు 90 రోజుల సమయం ఉంటుంది. ఆ తేదీ దాటనివ్వకండి.

ఇంకా ఏ పరీక్షా చేయించకపోతే మొదట వెళ్లాల్సింది జిల్లా ఆసుపత్రిలోని సత్వర జోక్య కేంద్రానికి, అందరూ డీఈఐసీ అనే చోటుకి. రాష్ట్రీయ బాల స్వస్థ కార్యక్రమం బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పిల్లల్ని చూసి అక్కడికి పంపుతుంది. ఆ బృందం వచ్చే రోజు ముందే కనుక్కుని బిడ్డను తప్పకుండా తీసుకెళ్లండి, మీ అనుమానాన్ని మీ నోటితో చెప్పండి. పదుల మంది పిల్లల్ని ఒక్క పూటలో చూసేవాళ్లకు, నిశ్శబ్దంగా కూర్చున్న బిడ్డకు వినపడటం లేదని తెలియకపోవచ్చు. ఏడాదికి "బాబా, మామా" లాంటి శబ్దాలు పలకకపోయినా, 16 నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా "మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే" అన్న మాట వినొద్దు.

బిడ్డ గురించి ఒక్క పేజీ రాయండి

దరఖాస్తు ఫారం కంటే ముందు తయారు కావాల్సింది ఇది. "మా బాబును బాగా చూసుకోండి" అని అడిగితే ఎవరైనా "అలాగే" అంటారు. దాన్ని ఎవరూ కొలవలేరు, తప్పితే నిరూపించనూ లేరు. "రోజూ 11 గంటలకు బాత్రూంకు తీసుకెళ్లాలి" అని అడిగితే కొలవవచ్చు. కాబట్టి ప్రతి అవసరాన్ని ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలో తెలిసేలా రాయండి. కాగితాన్ని మూడు భాగాలు చేయండి: బిడ్డ ఏం చేయగలదు, దేనికి సాయం కావాలి, ప్రమాదం వస్తే ఏం చేయాలి. చేయగలిగినవి ముందు రాయండి. మొదటి వాక్యమే రోగం పేరైతే, టీచర్ మిగతా పేజీ అంతా రోగిని ఊహించుకుంటూ చదువుతుంది.

సర్దుబాట్లకు పెద్ద ఖర్చు అక్కర్లేదని చూపించడం మీ పనే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ నేల మీద ఆసరా లేకుండా కూర్చోలేకపోతే, రెండు గోడలు కలిసే మూలలో కూర్చోబెడితే వెన్నుకీ పక్కలకీ ఆసరా దొరుకుతుంది. కుర్చీలో అయితే పాదాలు గాల్లో వేలాడకూడదు, కింద చెక్కపీట పెట్టి పాదం మొత్తం ఆనేలా చూడాలి. పాదాలు ఆనకపోతే ఒంటి బలమంతా పడిపోకుండా కూర్చోవడానికే సరిపోతుంది, చేయి బలపం దాకా పోదు. వినికిడి మిషన్ పెట్టుకున్న బిడ్డ ముందు వరసలో ఉండాలి. టీచర్ కిటికీకి వీపు పెట్టి నిలబడకూడదు, వెలుతురు వెనక నుంచి వస్తే ముఖం నల్లగా కనిపించి పెదవులు అందవు. మిషన్ బ్యాటరీల జత ఒకటి టీచర్ డ్రాయర్‌లో ఉండాలి, ఎలా మార్చాలో చేసి చూపించి రావాలి. ఆటిజం ఉన్న బిడ్డకు రోజు క్రమం బొమ్మల్లో గోడమీద ఉంటే చాలా గొడవలు తగ్గుతాయి. కూర్చునే గదిలోనే వంట జరిగే అంగన్‌వాడీల్లో కుక్కర్ విజిల్ వేళకు ఆ బిడ్డను ఆయా బయట వరండాలోకి తీసుకెళ్లడం కూడా సర్దుబాటే, దానికి పైసా ఖర్చు లేదు.

ర్యాంపు అడిగేటప్పుడు కొలత చెప్పి అడగండి. ప్రమాణం 1కి 12. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు ఒకటుంటే ర్యాంపు పొడవు 180 సెంటీమీటర్లు ఉండాలి, రెండు మెట్లకు 360. చాలాచోట్ల మెట్టు మీద పొట్టి చెక్క ఒకటి పడేసి "ర్యాంపు ఉంది" అని రాసేసుకుంటారు. అంత నిటారు చెక్క ఎక్కిస్తే వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉందో లేదో టేపు పెట్టి చూడండి, బాత్రూం తలుపుతో సహా. కొలిచిన ఫొటో ఫైలులో పెట్టుకోండి.

తిండి గురించి రాయడం మరచిపోవద్దు. మింగడం కష్టమైన బిడ్డకు పడుకోబెట్టి, తల వెనక్కి వంచి తినిపిస్తే అన్నం ఊపిరి గొట్టంలోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టాలి, తల కొద్దిగా ముందుకు ఉండాలి, చిన్న చెంచాతో, మెత్తగా కలిపి, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. ఇది వాళ్లకు తెలియదు అనుకునే రాయండి.

ఫిట్స్ వచ్చే బిడ్డ అయితే ఆ భాగాన్ని పెద్ద అక్షరాలతో విడి కాగితం మీద రాసి గోడకు అంటించమనండి: గడియారం చూడండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో ఏదీ పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. కదలకుండా గట్టిగా పట్టుకోవద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాలగుత్తి పెడితే తగ్గుతుందన్న నమ్మకం ఇంకా అన్నిచోట్లా ఉంది. "తాళాలు పెట్టవద్దు" అని అదే కాగితంలో రాయండి, ఆ తాళాలు వెతికే లోపు అసలు పని ఆగిపోతుంది.

దరఖాస్తు ఇలా రాయండి

"ప్రధానోపాధ్యాయులు గారికి,

విషయం: మా అమ్మాయికి ఎల్‌కేజీలో ప్రవేశం, సహేతుకమైన సర్దుబాట్ల గురించి.

మా అమ్మాయికి 4 ఏళ్లు నిండాయి. మాటలు అర్థమవుతాయి, చిన్న మాటలు చెబుతుంది, రంగులు గుర్తుపడుతుంది. సెరిబ్రల్ పాల్సీ వల్ల ఆసరా లేకుండా నడవలేదు. మీ బడిలో ఎల్‌కేజీ ప్రవేశం కోరుతున్నాం. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 3, 16 సెక్షన్ల ప్రకారం కింది సర్దుబాట్లు కోరుతున్నాం.

1. తరగతి గది కింది అంతస్తులో ఉండాలి.
2. పాదాలు ఆనే కుర్చీ. కొలతలు జతపరిచాం.
3. ఉదయం 11కి, మధ్యాహ్నం 1కి ఆయా బాత్రూంకు తీసుకెళ్లాలి.

వీటిలో ఏదైనా సాధ్యం కాదనుకుంటే, కారణమేమిటో, బదులుగా ఏం చేయగలరో 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

జతపరిచినవి: డాక్టరు రిపోర్టు, థెరపిస్టు నోట్, బిడ్డ గురించిన పేజీ."

ఇందులో 15 రోజులు చట్టం పెట్టిన గడువు కాదు, మీరు పెట్టింది. గడువు లేని ఉత్తరానికి జవాబు రాదు కాబట్టి పెట్టాలి. రెండు కాపీలు తీసుకెళ్లండి. మీ కాపీ మీద "అందింది" అని తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకోండి. వేయకపోతే గొడవ పడొద్దు, అదే రోజు స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఈమెయిల్‌లోనూ పంపండి. మాట్లాడి వచ్చిన ప్రతిసారీ సాయంత్రానికి ఒక మెసేజ్ పెట్టండి: "ఈరోజు ఉదయం మిమ్మల్ని కలిసినప్పుడు మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరని, అందువల్ల చేర్చుకోలేమని చెప్పారు. నేను అర్థం చేసుకున్నది తప్పైతే చెప్పగలరు." వాళ్లు జవాబివ్వకపోయినా ఆ మెసేజ్ మీ దగ్గర తేదీతో సహా ఉంటుంది.

జనన ధ్రువపత్రం లేదని ఒకటో తరగతిలో చేర్చుకోకపోవడం కుదరదు, విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ దాన్ని నిషేధించింది. ప్రవేశాల గడువు దాటినా చేర్చుకోవాలని 15వ సెక్షన్ అంటుంది.

కాదనకుండా కాదనే పద్ధతులు

నేరుగా తిప్పి పంపేవాళ్లు తక్కువ. షరతులు పెట్టి మీ అంతట మీరే వెళ్లిపోయేలా చేసేవాళ్లు ఎక్కువ.

"షాడో టీచర్‌ను మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇవ్వండి." షాడో టీచర్ అంటే మీ బిడ్డ పక్కనే ఉండి సాయం చేసే మనిషి. ఈ ఒక్క మాటతో ఎన్నో కుటుంబాలు అప్పుల పాలవుతున్నాయి. 2017 నిబంధనల్లో 3వ నియమం చివర్లో స్పష్టంగా ఉంది: సహేతుకమైన సర్దుబాటుకు అయ్యే ఖర్చును పూర్తిగా గానీ కొంత గానీ భరించమని ఏ సంస్థా వికలాంగ వ్యక్తిని బలవంతపెట్టకూడదు. ఈ వాక్యాన్ని మీ జవాబులో యథాతథంగా రాయండి. దీనికి తోడు, ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "మీ బడిలో ప్రత్యేక టీచర్ ఎవరు?" అని రాతపూర్వకంగా అడగండి.

"అమ్మ రోజంతా బయట కూర్చోవాలి." మొదటి వారం బిడ్డ అలవాటు పడేదాకా కూర్చోవడం మంచిదే, కానీ "ఫలానా తేదీ వరకు" అని రాయించుకుని కూర్చోండి. తేదీ లేకుండా మొదలైతే ఏడాదంతా సాగుతుంది, తల్లి ఉద్యోగం పోతుంది.

"గంట సేపు పంపండి చాలు." డాక్టరు సలహా ఉంటే సరే. లేకపోతే మిగతా పిల్లలకు ఎంత సమయమో మీ బిడ్డకూ అంతే. తగ్గించడం తప్పదనుకుంటే ఎన్ని వారాలకు ఎంత పెంచుతారో రాసిమ్మనండి.

"ముందు టెస్ట్ పెడతాం." ఒకటో తరగతి నుంచి ప్రవేశానికి బిడ్డనో తల్లిదండ్రులనో వడపోసే పరీక్ష పెట్టకూడదు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ మొదటిసారికి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారికి 50,000 దాకా జరిమానా పెట్టింది. ఆ చట్టంలో "బిడ్డ" అంటే 6 నుంచి 14 ఏళ్లు కాబట్టి ఎల్‌కేజీకి ఈ సెక్షన్ చూపించొద్దు, అవతలివాళ్లకు పట్టు దొరుకుతుంది. అక్కడ వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షనే మీ ఆధారం.

"ఏం జరిగినా మాదే బాధ్యత అని రాసివ్వండి." ఇవ్వొద్దు. దాని బదులు అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో, ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో రాసి, చికిత్సకు అనుమతిస్తూ సంతకం చేసిన కాగితం ఇవ్వండి. వాళ్ల నిజమైన భయం తీరుతుంది, మీ హక్కూ పోదు. మందుకు డాక్టరు చీటీ జతచేయండి, సీసా మీద బిడ్డ పేరు, మోతాదు, ఇచ్చే వేళ రాసి అంటించండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇంకోటి: "మీరే టీసీ కావాలని రాసివ్వండి, వేరే మంచి చోట చేర్చుకోవచ్చు." ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా బిడ్డను బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. అందుకే వాళ్లు తీసేయరు, మీ చేత రాయించుకుంటారు. మీరు రాసిచ్చాక అది మీ ఇష్టప్రకారం జరిగిన పని అయిపోతుంది. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు. ప్రత్యేక పాఠశాలా, పక్కనున్న మామూలు బడా అన్న ఎంపిక వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ మీకే ఇచ్చింది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్ద విద్య కూడా మీరు కోరుకుంటే దొరికే హక్కు మాత్రమే, బడి మీకు అంటగట్టేది కాదు.

ఒక్కోసారి వాళ్లు చెప్పేది న్యాయంగానే ఉండొచ్చు. అద్దె భవనంలో లిఫ్టు కట్టించమంటే అది మోయలేని భారమని వాళ్లు వాదించగలరు. కానీ తరగతిని కింది అంతస్తుకు మార్చడం భారం కాదు. అందుకే ప్రతి కోరికకీ ఒక ప్రత్యామ్నాయం మీ జేబులో ఉండాలి.

చేరాక

చేర్చుకుని మూలన కూర్చోబెట్టడం మన దగ్గర మామూలు. రెండు వారాలకోసారి మూడు ప్రశ్నలు అడగండి: ఈ వారం ఆటలో ఎవరితో ఆడింది, పాటలప్పుడు ఎక్కడ కూర్చుంది, వార్షికోత్సవంలో, పిక్నిక్‌లో పేరు ఉందా. "అక్కడే ఉందండీ" అన్న జవాబు వస్తే పాల్గొనడం లేదన్నమాటే. ఒక నోట్‌బుక్ రోజూ బ్యాగులో వెళ్లి రావాలి. తిన్నది, బాత్రూంకు వెళ్లింది, ఫిట్స్, కొత్తగా వచ్చిన మాట, ఒక్కోటి ఒక్క లైనులో చాలు.

మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే కేంద్రం) ఉంటే, అక్కడి ఐఈఆర్‌పీ టీచర్ల, అంటే ప్రత్యేక టీచర్ల సాయం, ఫిజియోథెరపీ, సమగ్ర శిక్ష కింద ఎస్కార్టు, రవాణా భత్యాల గురించి ఎంఈవో కార్యాలయంలో అడగండి. బడి మారకుండానే ఇవి అందుతాయి.

కొట్టడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం, అన్నం, నీళ్లు ఇవ్వకపోవడం, అందరి ముందు వైకల్యాన్ని ఎత్తి అవమానించడం జరిగితే అది సర్దుబాటు తగాదా కాదు, నేరం. వీటిలో చాలావాటికి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. వెంటనే 1098కి ఫోన్ చేయండి. గాయం ఉంటే అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోండి. మాటలు రాని బిడ్డ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

ఫిర్యాదు ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలి

గడువు పెట్టిన 15 రోజులూ దాటితే ఇక ఆగకండి. అంగన్‌వాడీ అయితే సూపర్‌వైజర్, ఆపైన సీడీపీవో (అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారి), ఆపైన జిల్లా స్త్రీ శిశు సంక్షేమ అధికారి. బడి అయితే ఎంఈవో, ఆపైన డీఈవో. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థ 3 నెలల్లోగా తేల్చాలి, ఆ నిర్ణయం మీకు సమ్మతం కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. నంబరు లేని అర్జీని మళ్లీ ఎవరూ వెతకరు.

ఇవి జరుగుతుండగానే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపవచ్చు, కింది మెట్లు పూర్తయ్యేదాకా ఆగాలన్న నియమం లేదు. వివక్ష ఫిర్యాదును 60 రోజుల్లో పరిష్కరించాలని నిబంధన ఉంది, ప్రత్యేక పరిస్థితుల్లో 30 రోజుల్లోనే పరిష్కరించవచ్చు. సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫారసు మీద అధికారులు 3 నెలల్లో చర్య తీసుకోవాలి, లేదా ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. వికలాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించినందుకు 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా పడుతుంది. ఫిర్యాదు రెండు పేజీలు దాటనివ్వకండి. తేదీల వారీగా ఏం జరిగిందో, ఏ సెక్షన్ ఉల్లంఘన జరిగిందో, మీకు ఏం కావాలో రాయండి. చాలా ఫిర్యాదులు బాధ మొత్తం చెప్పి, కావాల్సింది చెప్పకుండా ముగుస్తాయి. "10 రోజుల్లో ఎల్‌కేజీలో చేర్చుకోవాలి, తరగతి కింది అంతస్తుకు మార్చాలి" అని అంకెలతో అడగండి.

ప్రభుత్వ కార్యాలయం కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "నా ఫలానా తేదీ అర్జీ మీద ఏ రోజు ఎవరు ఏ చర్య తీసుకున్నారు" అని అడిగితే చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు జవాబు రాకముందే ఫైలు కదులుతుంది.

లాయర్ కావాలంటే డబ్బు అడ్డు కాకూడదు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద బిడ్డకు, మహిళకు, వైకల్యం ఉన్న వ్యక్తికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. మొదటిసారి వెళ్లేటప్పుడు ఫైలు ఈ వరసలో పెట్టుకోండి: పైన తేదీల వారీ ఒక పేజీ, దాని కింద ముద్ర పడిన దరఖాస్తు కాపీ లేదా స్పీడ్‌పోస్టు రసీదు, తర్వాత మెసేజ్‌ల ప్రింట్లు, వైద్య రిపోర్టులు, కొలతల ఫొటోలు. ఏ ఒరిజినల్‌నీ ఎవరికీ ఇచ్చి రావద్దు, కాపీలే ఇవ్వండి.